రేకుల షెడ్డులో మెటల్ డెమో: నల్లగొండలోనే మొదటి రికార్డింగ్ చేసుకోవడం ఎలా

మా బ్యాండు మొదటి డెమోలో (నలుగురికీ వినిపించడానికి చేసుకునే నమూనా రికార్డింగులో) అన్నిటికంటే ముందు వినబడేది గిటారు కాదు, మిర్యాలగూడ వైపు పోతున్న గూడ్సు బండి హారన్. రెండో పాట నడుమ ఫ్యాను చప్పుడు. మూడో పాటలో డ్రమ్స్ అయితే బియ్యం బస్తాలు కింద పడేసినట్టు దబదబమంటాయి. ఆ మూడు పాటలు ఇప్పటికీ నా ఫోనులో ఉన్నాయి. ఎవరైనా బ్యాండు పెట్టుకున్నామని నా దగ్గరికి వస్తే మొదట అవే వినిపిస్తాను.

తర్వాత చేసిన డెమో బాగానే వచ్చింది. సామాన్లు మాత్రం పాతవే. ఒక ల్యాప్‌టాప్, రెండు ఇన్‌పుట్ల ఆడియో ఇంటర్‌ఫేస్ (మైకు, గిటారు శబ్దాన్ని ల్యాప్‌టాప్‌లోకి పంపే పెట్టె), రెండు డైనమిక్ మైకులు (వేదికల మీద వాడే గట్టి రకం), ఒక హెడ్‌ఫోను. మారిందల్లా ఒకటే: మైకు ఆన్ చేసేలోపు తేల్చుకోవాల్సినవన్నీ తేల్చేసుకున్నాం. ఈ మార్గదర్శి ఆ క్రమం గురించే. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేట, వనపర్తి లాంటి ఊళ్లలో ముగ్గురో నలుగురో కలిసి మెటల్ (బరువైన గిటార్లు, గట్టి డ్రమ్స్ ఉండే రాక్ సంగీతం) వాయిస్తూ, హైదరాబాద్ స్టూడియోకి గంటల లెక్కన డబ్బు కట్టలేనివాళ్ల కోసం రాస్తున్నాను.

ముందు, ఎన్ని పాటలు?

రెండు. మరీ ఉబలాటంగా ఉంటే మూడు.

ఇంగ్లండు మెటల్ బ్యాండు బ్లాక్ సబ్బత్ 1969 అక్టోబరులో లండన్‌లో మొదటి ఆల్బమ్‌ను దాదాపు ఒక్కరోజులోనే వాయించేసింది. అది చదివి మేమూ ఒక్కరోజులో ఆరు పాటలు అనుకున్నాం. వాళ్లు అప్పటికి క్లబ్బుల్లో రాత్రికి రాత్రి అవే పాటలు వాయించి వాయించి చేతులు అరగదీసుకున్నారన్న సంగతి మాకు తట్టలేదు. అక్కడిదే ఇంకో బ్యాండు ఐరన్ మెయిడెన్ 1978 డిసెంబరు చివర్లో కేంబ్రిడ్జ్‌లోని స్పేస్‌వార్డ్ స్టూడియోలో డెమో చేసినప్పుడు నాలుగు పాటలు రికార్డు చేసింది. మరుసటేడు దాన్ని సొంతంగా రికార్డుగా అచ్చేసినప్పుడు మూడే వేసింది. నాలుగోది వాళ్లకే నచ్చలేదు. చేసినదాంట్లోంచి తీసేయడం కూడా డెమో పనిలో భాగమే.

అమెరికా బ్యాండు మెటాలికా 1982 జులైలో చేసిన డెమోలో ఏడు పాటలున్నాయి. కానీ అది క్యాసెట్ల కాలం. ఒకరు కాపీ చేసి పోస్టులో ఇంకొకరికి పంపేవాళ్లు, ఆ ఇంకొకరు మరొకరికి. కాపీకి కాపీ తీస్తుంటే ప్రతిసారీ బుస్సుమనే రొద పెరిగేది. అయినా విన్నారు, ఎందుకంటే రిఫ్‌లు (పాటలో పదేపదే వచ్చే గిటారు ముక్కలు) ఆ రొదలోంచి కూడా తలెత్తి నిలబడ్డాయి. నేను ఇప్పటికీ వాడే పరీక్ష అక్కడినుంచే వచ్చింది. ప్రాక్టీసులో పాటను మామూలు ఫోనుతో, గది మూలన పెట్టి రికార్డు చేయండి. మర్నాడు బస్సులో కూర్చుని వినండి. ఆ చెత్త రికార్డింగులో కూడా రిఫ్ ఏదో తెలుస్తుంటే ఆ పాట డెమోకి పనికొస్తుంది. తెలియకపోతే ఎంత మంచి మైకు పెట్టినా తెలియదు.

ఎంచుకున్న పాటలకు ఒక కాగితం రాసుకోవాలి. పాట వేగం ఎంత, ఎక్కడ మారుతుంది, గిటార్ల ట్యూనింగ్ ఏమిటి, ఏ భాగం ఎన్నిసార్లు. మా డ్రమ్మరు "నాకు అంతా యాదికున్నది" అని కాగితం వద్దన్నాడు. మూడో టేకులో (మూడోసారి రికార్డు చేసినప్పుడు) బ్రిడ్జిని, అంటే పాట నడుమ వచ్చే మలుపు భాగాన్ని, ఎనిమిదిసార్లు బదులు ఆరుసార్లు వాయించాడు. ఆ తర్వాత ఆ కాగితం స్నేర్ (డ్రమ్మరు ముందుండే చిన్న డ్రమ్ము) స్టాండుకి అతికించుకున్నది ఆయనే.

చోటు, వేళ

మాకు దొరికింది దేవరకొండ రోడ్డు వైపు ఒక దోస్తు వాళ్ల రేకుల షెడ్డు. రేకుల షెడ్డు మెటల్‌కి శత్రువు, ఎందుకో లెక్క చూడండి. నిమిషానికి 180 బీట్ల పాటలో డబుల్ పెడల్‌తో (కిక్ అనే పెద్ద డ్రమ్మును రెండు కాళ్లతో కొట్టే పరికరంతో) బీటుకి నాలుగు దెబ్బలు వేస్తే సెకనుకి 12 దెబ్బలు. అంటే దెబ్బకీ దెబ్బకీ మధ్య 83 మిల్లీసెకన్లు. రేకు కింద ఒక దెబ్బ మోత చల్లారడానికి అంతకంటే ఎన్నో రెట్లు పడుతుంది. పన్నెండు దెబ్బలూ కలిసి ఒకటే గర్జన అయిపోతాయి. మా మొదటి డెమోలో బియ్యం బస్తాలు అదే.

దీనికి మందు మన జిల్లాలో కొదవలేనిది: పత్తి. పత్తి ఏరే రోజుల్లో నిండు బోరాలు తెచ్చి డ్రమ్స్ వెనకాల, రెండు మూలల్లో మనిషెత్తు పేర్చాం. పై నుంచి దండేలకు పాత బొంతలు వేలాడదీశాం. గోడకి ఆనించిన పలచటి దుప్పటి సింబల్ (డ్రమ్స్‌తో ఉండే లోహపు పళ్లెం) మోతను మాత్రమే తగ్గిస్తుంది, కిక్ గుబగుబను ఆపదు. దానికి మందం కావాలి, అందుకే బోరాలు. ఒక్క జాగ్రత్త: పత్తికి నిప్పు తగిలితే ఆర్పడం మన తరం కాదు. ఆంప్లిఫయర్ వెనక భాగం, హాలోజన్ లైటు, సిగరెట్టు, దోమల బత్తి ఏవీ దాని దరిదాపుల్లో ఉండకూడదు. పని కాగానే బోరాలు తీసేయాలి.

కోళ్లఫారాల పుణ్యమా అని కోడిగుడ్ల అట్టలు కూడా మన దగ్గర కావలసినన్ని. గోడంతా అంటిస్తే స్టూడియోలా కనబడుతుంది, ఫొటోలు బాగుంటాయి. శబ్దానికి మాత్రం దాదాపు ఏమీ చేయవు.

ఇవన్నీ లోపలి మోతను తగ్గించేవే, బయటికి పోయే చప్పుడును ఆపేవి కావు. కాబట్టి ఇరుగుపొరుగుకి ముందే చెప్పాలి. మేం చెప్పలేదు. నేను గొంతు ఇస్తుండగా పక్కింటి పెద్దమ్మ తలుపు కొట్టి, "ఏం బిడ్డా, లోపట ఎవర్నన్న కొడుతున్నరా?" అని అడిగింది. పాట అని చెప్తే ఇంకా కంగారు పడింది. రెండో డెమోకి ముందురోజే పోయి, "పెద్దమ్మా, రేపు పొద్దున పదకొండు నుంచి నాలుగు దాకా జర చప్పుడైతది" అని చెప్పి వచ్చాం. మధ్యాహ్నం చాయ్ కూడా పంపింది.

ఆ పదకొండు నుంచి నాలుగే మంచి వేళ. జనం పనుల మీద పోయి ఉంటారు, గుడి మైకు, మసీదు మైకు వేళలు ముందే తెలుసు కాబట్టి ఆ కాసేపు తినడానికి ఆగొచ్చు. నెల విషయానికొస్తే డిసెంబరు, జనవరి. ఫ్యాను ఆపాలి మరి, ఎండాకాలం రేకుల కింద ఫ్యాను లేకుండా డ్రమ్స్ వాయించమనడం పాపం. వేడికి తీగలు సాగి శ్రుతి దిగుతుంది కూడా. గణపతి నవరాత్రులు, బతుకమ్మ, పెళ్లి ముహూర్తాలు ఉన్న రోజులు క్యాలెండరు చూసి తప్పించండి. ఒక్క బరాతు డీజే చాలు రోజు పోవడానికి.

కరెంటు

గిటారు ఆపినా స్పీకర్లో "ఊఁ..." అని వినబడే శబ్దం కరెంటుది. మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, ఆ శబ్దం 50 హెర్ట్జ్ దగ్గర, దాని రెట్ల దగ్గర కూర్చుంటుంది. బాస్ గిటారు లావు తీగ మీద మూడో ఫ్రెట్ (మెట్టు), జి స్వరం, 49 హెర్ట్జ్. అంటే ఆ స్వరం పట్టుకున్నప్పుడల్లా కరెంటు మోతతో కలిసి సెకనుకు ఒకసారి పొంగి తగ్గుతుంటుంది. మా బాసిస్టు తన చేయి వణుకుతోందనుకుని పాపం రెండు రోజులు ప్రాక్టీసు చేశాడు.

ఎర్తింగ్ చూసుకోండి. మనది రాతి నేల, ఎండాకాలం ఎర్త్ గుంత పూర్తిగా ఎండిపోతుంది. నీళ్లు పోయమని ఎలక్ట్రీషియన్ చెప్పేది ఊరికే కాదు. అనుమానం ఉంటే ఆయన్నే పిలిపించి చూపించండి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొడితే మోత తగ్గుతుందని చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లో ఒకరుంటారు. వాళ్ల మాట వినొద్దు, ఆంప్లిఫయర్లో లోపం వస్తే ఆ కరెంటు గిటారు తీగల మీదుగా మీ చేతికే వస్తుంది. ఆంప్లిఫయర్, ఇంటర్‌ఫేస్ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు నుంచి పెట్టి, టేకు తీసేటప్పుడు ల్యాప్‌టాప్ చార్జరు పీకేస్తే సగం మోత అక్కడికక్కడే పోతుంది. పైగా కరెంటు పోయినా టేకు మిగులుతుంది.

డ్రమ్స్

రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో నాణ్యత 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టండి. ఎంత గట్టిగా వాయించినా మీటరు మైనస్ 6 డీబీ (డెసిబెల్, శబ్దం కొలత) దాటకుండా లెవెల్ సెట్ చేయండి. 24 బిట్‌లో కొంచెం తక్కువ లెవెల్‌లో తీస్తే నష్టమేమీ లేదు, ఎరుపు తాకితే మాత్రం ఆ టేకు పోయినట్టే. డ్రమ్మరు లెవెల్ చెక్‌లో ఎప్పుడూ మెల్లగా కొడతాడు, పాట మొదలయ్యాక విజృంభిస్తాడు. అందుకే ఇంకో 4 డీబీ తగ్గించి పెట్టుకోండి.

మొదట క్లిక్ (వేగం చెప్పే టిక్ టిక్ శబ్దం) వేసుకుని గిటారుతో పాట మొత్తం ఒకసారి వాయించి పెట్టండి. ఇది తర్వాత తీసేసేదే. డ్రమ్మరు హెడ్‌ఫోనులో క్లిక్, ఈ గిటారు వింటూ వాయిస్తాడు.

రెండు ఇన్‌పుట్లే ఉంటే ఒక మైకు కిక్‌కి, ఒక మైకు పైన. పై మైకు స్నేర్ మధ్య నుంచి నిలువుగా రెండు డ్రమ్ కర్రల పొడవు ఎత్తులో ఉండాలి. సింబల్ మోత ఎక్కువైతే మైకును కదపకుండా డ్రమ్మరుని సింబల్ మెల్లగా, స్నేర్ గట్టిగా కొట్టమనండి. మంచి డ్రమ్మరు చేతుల్లోనే మిక్సింగ్ చేస్తాడు. మావాడు పెళ్లిళ్ల బ్యాండుమేళంలో సైడ్ డ్రమ్ వాయించి వచ్చినవాడు, ఊరేగింపులో నడుస్తూ మూడు గంటలు ఒకే బలంతో వాయించే అలవాటు. ఇలాంటి రికార్డింగులో ఆ అలవాటు బంగారం.

నాలుగు ఇన్‌పుట్లు దొరికితే స్నేర్‌కి ఒకటి, డ్రమ్మరు కుడి భుజం వెనక నుంచి ఇంకొకటి కలపండి. అప్పుడు ఒక దారం కావాలి. దారం ఒక కొసను స్నేర్ నడుమ పట్టుకుని, పై మైకు దాకా కొలిచి ముడివేయండి. అదే పొడవులో భుజం వెనక మైకు ఉండాలి. కిక్ బీటర్ (పెడల్ సుత్తి) తగిలే చోటు నుంచి కూడా ఇలాగే ఇంకో దారంతో రెండు మైకులకూ సమాన దూరం చూడండి. ఈ పని పది నిమిషాలు. చేయకపోతే ఒకే దెబ్బ రెండు మైకులకు వేర్వేరు క్షణాల్లో చేరి, కలిపినప్పుడు ఒకదాన్నొకటి తినేస్తాయి. స్నేర్ అట్టపెట్టెలా వినబడుతుంది.

కిక్‌లో ఆ టకటకమనే కొస రావాలంటే, తోలు మీద బీటర్ తగిలే చోట గడువు తీరిన ఏటీఎం కార్డు టేపుతో గట్టిగా అతికించండి. లోపల ఒక దిండు. మైకు బీటర్ వైపు చూస్తూ నాలుగైదు అంగుళాల దూరంలో. ఖరీదైన ప్లగ్గిన్‌తో (సాఫ్ట్‌వేర్‌కి తగిలించే అదనపు పనిముట్టుతో) చేసేదానిలో సగం ఈ కార్డు చేస్తుంది.

డ్రమ్స్ దొరకకపోతే సాఫ్ట్‌వేర్ డ్రమ్స్ వాడుకోండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు. కానీ మనిషి వాయించలేనివి రాయకండి. మూడో చేయి అవసరమయ్యే డ్రమ్స్ మెటల్ వినేవాళ్లకు ఇట్టే దొరికిపోతాయి.

గిటార్లు, బాస్

తీగలు ముందురోజే కొత్తవి వేసి, లాగి లాగి స్థిరపరచండి. డ్రాప్ సి (లావు తీగను సి స్వరం దాకా దించడం) లాంటి కింది ట్యూనింగ్‌కి మామూలు 10–46 మందం తీగల సెట్టు సడలిపోతుంది, గట్టిగా కొట్టగానే శ్రుతి పైకెగిరి దిగుతుంది. లావు సెట్టు వేసుకోండి. ఫ్యాక్టరీ ప్రమాదంలో వేళ్ల కొసలు పోగొట్టుకున్న బ్లాక్ సబ్బత్ గిటారిస్టు టోనీ అయోమి సన్న తీగలు వేసుకుని, తర్వాత శ్రుతి కూడా దించిన కథ అందరికీ తెలిసిందే. ఆయన వేళ్లకు తగ్గట్టు ఆయన చేసుకున్నాడు. మనకి శ్రుతి నిలవడం ముఖ్యం.

డిస్టార్షన్ (గిటారు శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్టు) ప్రాక్టీసులో పెట్టేదానికంటే తగ్గించండి. ఒప్పుకోవడం కష్టమే, నేనూ ఒప్పుకోలేదు. ఒకే రిఫ్‌ను రెండుసార్లు విడివిడిగా వాయించి ఒకటి ఎడమకి, ఒకటి కుడికి పెడతాం కాబట్టి, రెండూ కలిసేసరికి డిస్టార్షన్ దానంతటదే చిక్కబడుతుంది. ఒకసారి వాయించి కాపీ చేసి రెండో పక్క పెడితే వెడల్పు రాదు, అదే శబ్దం కాస్త గట్టిగా వస్తుందంతే. రెండోసారి నిజంగా వాయించాల్సిందే, ఆ చిన్న చిన్న తేడాల్లోంచే గోడలాంటి శబ్దం పుడుతుంది.

మైకును ఆంప్లిఫయర్ గ్రిల్ గుడ్డకి దాదాపు ఆనించి, స్పీకరు నడిమి బుడిపెకీ అంచుకీ మధ్యన. అంగుళం జరిపితే శబ్దం మారుతుంది. ఒకరు హెడ్‌ఫోను పెట్టుకుని, ఇంకొకరు మైకు జరుపుతూ వెతకండి. మధ్య ఫ్రీక్వెన్సీలు పూర్తిగా కోసేసే అలవాటు మానండి. ఒంటరిగా వింటే భీకరంగా ఉంటుంది, డ్రమ్స్ కలవగానే గిటారు మాయమవుతుంది.

బాస్ నేరుగా ఇంటర్‌ఫేస్‌లోకి. ఆ ట్రాకును రెండు చేసి, ఒకటి శుభ్రంగా, ఇంకొకటి డిస్టార్షన్‌తో పెట్టి, రెండోదాంట్లోంచి అడుగు శబ్దం కోసేస్తే సరి.

గొంతు, తెలుగు మాట

ఇక్కడ ఆగి మాట్లాడాలి. తెలుగులో మెటల్ పాట రాస్తే అతకదని చాలామంది అంటారు. కారణం అడిగితే తెలుగు అజంత భాష అని, దాదాపు ప్రతి మాటా అచ్చుతో ముగుస్తుందని చెప్తారు. నిజమే, ఊపు మీద కోసినట్టు ఆగాల్సిన చోట మన మాట "ఉ" అనో "ఇ" అనో సాగుతుంది. కానీ మన దగ్గర ద్విత్వాక్షరాలున్నాయి. గుట్ట, మట్టి, నిప్పు, కత్తి, బొగ్గు. పామ్ మ్యూట్ (అరచేతి అంచుతో తీగలను అదిమి వాయించడం) పడే చోట ఈ జంట హల్లును పెట్టి చూడండి. "గుట్" దగ్గర గిటారు, స్నేర్, గొంతు మూడూ ఒకేసారి కోసుకుపోతాయి.

ఇంకో సంగతి మా తెలుగు సారు పుణ్యం. ఐరన్ మెయిడెన్ పాటల్లో గుర్రం దౌడులా వినబడే లయ ఉంది కదా, ఒక పొడుగు, రెండు పొట్టి. గురువు, లఘువు, లఘువు. పదో తరగతిలో బట్టీపట్టిన భగణం అది. "రక్కసి" అన్న మాట అచ్చంగా అంతే. దాన్నే తిరగేస్తే రెండు పొట్టి, ఒక పొడుగు, సగణం. "నడిజాము"లో మొదటి మూడక్షరాలు అలా నడుస్తాయి. "నల్లగొండ", "పాలమూరు" రెండూ గురువు లఘువు, గురువు లఘువు, ఒకే నడక. మీ రిఫ్‌ను చేత్తో తొడ మీద తట్టి, దాని కింద గురులఘువులు గుర్తించి, ఆ తర్వాత మాట వెతకండి. మేం రెండో డెమోలో కోరస్ అలాగే రాసుకున్నాం. మొదటిదాంట్లో మాటలు ముందు రాసి, రిఫ్ మీద బలవంతాన ఎక్కించాం. "స్వాతంత్ర్యం" అన్న మాటను నాలుగు ముక్కలు చేసిన పాపం నాదే.

రికార్డింగుకి డైనమిక్ మైకు చాలు. పరుపు ఒకటి గోడకి నిలబెట్టి, దానికి వీపు పెట్టి, బొంతలు వేలాడదీసిన వైపు అరవండి. గర్జన గొంతులోంచి గీరుకుంటూ వస్తే తప్పు దారిలో ఉన్నట్టు. బలం పొట్టలోంచి రావాలి. నొప్పి, మంట, గొంతు బొంగురు మొదలైతే ఆ రోజుకి ఆపేయండి, పట్టుదల పనికిరాదు. గోరువెచ్చని నీళ్లు దగ్గర పెట్టుకుని, ఒక పూటలో గంటకు మించి వద్దు. మైకు బుర్రను చేత్తో మూసి పట్టుకోవడం వేదిక మీద బాగుంటుందేమో, రికార్డింగులో మాటలు మింగేస్తుంది.

మిక్సింగ్

దీని గురించి చెప్పేవాళ్లు లక్షమంది ఉన్నారు కాబట్టి తొందరగా ముగిస్తాను. మొదట డ్రమ్స్, బాస్ మాత్రమే పెట్టి తల ఊగేలా చేయండి. తర్వాత గిటార్లు, 80 హెర్ట్జ్ కింద ఉన్నది కోసేసి. తర్వాత గొంతు. ఎఫెక్టులు చివర. పూర్తిగా మోనోలో (ఎడమ, కుడి ఒక్కటిగా కలిపి), ఫోను స్పీకర్లో వినండి, చాలామంది వినేది దాంట్లోనే. తర్వాత తెలిసినవాళ్ల కారులో, వీలైతే ఆటో వెనక స్పీకర్లలో. మా కిక్ ఎక్కువైన సంగతి పానగల్ పోయే ఆటోలో తెలిసింది, సీటు కింద నుంచి తన్నింది.

లెవెల్ పిండి పిండి గట్టిగా చేయకండి. స్నేర్ దెబ్బకు ఎగిసే చోటుండాలి.

దాచుకోవడం

ఐరన్ మెయిడెన్ ఆ కేంబ్రిడ్జ్ డెమో తర్వాత అసలు టేపు కొనుక్కోవడానికి డబ్బుల్లేక వదిలి వచ్చింది. రెండు వారాల తర్వాత వెళ్తే ఆ టేపు చెరిపేసి ఉంది. చేతిలో మిగిలిన కాపీనే తర్వాత 5,000 రికార్డులయింది.

మా కథా అదే, రికార్డుల దాకా పోలేదంతే. మొదటి డెమోను మిక్స్ చేయించడానికి ఒక స్టూడియోకి హార్డ్‌డిస్కులో ఇచ్చాం. నెల తర్వాత ఫోను చేస్తే, డిస్కు నిండిందని మా ఫోల్డరు తీసేశామన్నారు. మా దగ్గర మిగిలింది వాట్సాప్‌లో పంపుకున్న కాపీ. గూడ్సు హారన్ ఉన్నది అదే.

లెక్క పెద్దదేమీ కాదు. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక ట్రాకుకి నిమిషానికి 8.64 ఎంబీ. పది ట్రాకులు, ఐదు నిమిషాల పాట అంటే 432 ఎంబీ. పనికిరాని టేకులన్నీ కలిపినా రెండు పాటలు మామూలు పెన్‌డ్రైవ్‌లో పడతాయి. మూడు కాపీలు చేయండి, ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి హార్డ్‌డిస్కులో, ఒకటి వేరే ఇంట్లో. ప్రాజెక్టు ఫైలు ఒక్కటే సరిపోదు, ప్రతి ట్రాకునూ మొదటి సెకను నుంచి చివరి దాకా విడిగా వేవ్ ఫైలుగా తీసి పెట్టండి. పదేళ్ల తర్వాత ఆ సాఫ్ట్‌వేర్ ఉండకపోవచ్చు, వేవ్ ఫైలు తెరుచుకుంటుంది. ఫోల్డరులో ఆ వేగం, ట్యూనింగ్ కాగితం ఫొటో కూడా వేయండి. తేదీ, ఎవరు ఏం వాయించారు, మాట ఎవరిది, బాణీ ఎవరిది అన్నది రాసి నలుగురూ సంతకం పెట్టండి. మన దేశంలో కాపీరైట్ పాట పుట్టినప్పుడే వస్తుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. కానీ బ్యాండు విడిపోయిన రోజున ఆ కాగితమే అక్కరకొస్తుంది.

మా మూడో కాపీ హాలియాలో అమ్మమ్మ వాళ్లింట్లో, బీరువాలో పట్టుచీరల కింద ఉంది. అందులో ఏముందో ఆమెకు తెలియదు. ఏడాదికోసారి సంక్రాంతికి పోయినప్పుడు తీసి, ల్యాప్‌టాప్‌కి పెట్టి, రెండు పాటలూ మొదటి నుంచి చివరి దాకా వినబడుతున్నాయో లేదో చూసి, మళ్లీ అక్కడే పెట్టి వస్తాను.